గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో గిరీశం ‘డామిట్’ ఎవరిని తిట్టడానికి?

ఎవరినీ కాదు, పుట్టుకకి తిట్టే అయినా గిరీశం నోట అది వట్టి ఊతపదం. ఇంగ్లీషులో ‘డామ్’ క్రియ, ‘ఇట్’ దాని కర్మ. గిరీశానికి ఆ వ్యాకరణంతో పనిలేదు. రెంటినీ కలిపి ఒకే ముక్క చేసి, మన ‘ఛీ’, ‘అబ్బ’ లాగ ముందు తగిలించి, వెనక శుభ్రంగా తెలుగు నడిపిస్తాడు. విజయనగరం బొంకుల దిబ్బ దగ్గర మొదటి అంకంలో కనిపించే ఈ మనిషికి ఇంగ్లీషు చదువు కాదు, దర్జా.

ఆఖరి మాటే చూడండి. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర గిరీశం గుట్టు బయటపడింది, అతను పెళ్లాడాలని లేవదీసుకొచ్చిన వితంతువు బుచ్చమ్మని పూనా విడోస్ హోముకి పంపడం ఖాయమైంది. అప్పుడు ‘డామిట్’ అని, కథ అడ్డం తిరిగిందంటాడు. తెర పడుతుంది. దీన్ని పశ్చాత్తాపమనుకునేవాళ్లు చాలామంది. ఎక్కడ? తప్పు తనదనలేదు, కథ మీదికి నెట్టాడు. పారని ఎత్తు మీద విసుగు, అంతే.

 అన్నట్టు, ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలోనే ఆడారు. ఇప్పుడు మనం చదివేది 1909లో బాగా పెంచి రాసిన కూర్పు.