స్టైల్ అనే మాట వెనుక ఒక గంటం

ప్రశ్న: ఇంగ్లీషులోని ‘స్టైల్’ మన ‘శైలి’ నుంచే పుట్టిందని మా అబ్బాయి వాదిస్తున్నాడు. పలుకూ అర్థమూ ఇంత దగ్గరగా ఉండడం చూస్తే నాకూ నిజమేననిపిస్తోంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లేదండీ. ‘శైలి’ సంస్కృతంలోని ‘శీలం’ నుంచి వచ్చిన మాట. శీలమంటే స్వభావం, నడవడి. మనిషి స్వభావాన్ని బట్టి ఏర్పడే తీరు శైలి. ‘స్టైల్’ పుట్టుక మాత్రం లాటిన్‌లోని ‘స్టిలుస్’లో ఉంది. అది స్వభావం కాదు, ఒక పనిముట్టు.

మన పెద్దలు తాటాకు మీద గంటంతో రాసినట్లే, రోమన్లు మైనం పూసిన చెక్కపలక మీద ఇనుముతోనో కంచుతోనో ఎముకతోనో చేసిన స్టిలుస్‌తో గీసి రాసేవారు. దాని ఒక కొన మొనదేలి, రెండో కొన చదునుగా ఉండేది. తప్పు పోతే తిప్పి పట్టుకుని, ఆ చదును వైపుతో మైనాన్ని సాపు చేసి మళ్ళీ రాసేవారు. అందుకే లాటిన్‌లో ‘స్టిలుస్‌ను తిప్పడం’ అంటే రాసినదాన్ని దిద్దుకోవడమని అర్థం. మళ్ళీ మళ్ళీ చదవదగినది రాయదలిస్తే దాన్ని తరచుగా తిప్పాలని క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు కవి హొరేస్ చెప్పాడు. రాసే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సలహా ఇది.

పనిముట్టు పేరు రాతకూ, రాసే తీరుకూ పాకడం వింతేమీ కాదు. ‘ఆయన కలం పదునైనది’ అన్నప్పుడు మనమూ కలాన్ని గురించి చెప్పడం లేదు కదా! ఈ మాట ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దానికి ఇంగ్లీషులో చేరింది; రాత నుంచి మాటకూ, శిల్పానికీ, కట్టడాలకూ, దుస్తులకూ విస్తరించింది. బ్రిటన్ 1752లో క్యాలెండరు మార్చుకున్నాక, పాత లెక్క తేదీలకు ‘ఓల్డ్ స్టైల్’ అనీ కొత్తవాటికి ‘న్యూ స్టైల్’ అనీ రాసి గుర్తు పెట్టేవారు.

స్పెల్లింగులో ‘ఐ’ ఉండవలసిన చోట ‘వై’ రావడానికి కారణం ఒక పొరపాటు: స్తంభమనే అర్థమున్న గ్రీకు మాట ‘స్టూలోస్’తో పండితులు దీన్ని ముడిపెట్టారు. పువ్వులో అండాశయం మీద నిలిచే ‘కీలా’న్ని వృక్షశాస్త్రంలో స్టైల్ అంటారే, ఆ స్టైల్ మాత్రం నిజంగానే ఆ గ్రీకు స్తంభపు సంతతి. స్టిలుస్ అసలు వారసురాలు ఇటాలియన్ ‘స్టిలెట్టో’. సన్నని మొన ఉన్న చిన్న బాకు అది. 1950లలో సూదిమడమల చెప్పులకూ ఆ పేరే వచ్చింది.

తెలుగులో మనం ఈ రెండు మాటలకూ పనులు పంచిపెట్టుకున్నాం. రచనకు ‘శైలి’ అంటాం. జుట్టు దువ్వుకునే తీరుకూ నడకకూ ‘స్టైల్’ అంటాం. రాసే పనిముట్టుగా పుట్టిన మాట మన దగ్గర రాతను వదిలి దుస్తుల్లో స్థిరపడింది. నడవడి నుంచి పుట్టిన మాట రాతను చేపట్టింది. మీ అబ్బాయికి ఈ తారుమారు చెప్పి చూడండి.