బర్మా నుంచి వచ్చినవాళ్ళ విషయమై రమేష్‌కు

చిరంజీవి రమేష్‌కు,

పెద్దమ్మ దీవెనలు. పర్లాకిమిడిలో మీ వీధి చివరింట్లో బర్మా కుటుంబాలు దిగాయని, కుర్రాళ్ళంతా కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నారని రాశావు. చెయ్యండి. 1942లో రంగూన్ నుంచి నడిచొచ్చినవాళ్ళ మనవలు మన ఒడిశా బరంపురంలోనూ ఉన్నారు, కాందిశీకులు మనకు కొత్తేం కాదు. అయితే బియ్యం మూటల కన్నా ముందు మీవాళ్ళ చేత ఫోన్లు జేబులో పెట్టించు.

సాయం చేస్తూ ఫొటో దిగి గ్రూపులో పెట్టడం ఇప్పుడో జబ్బయింది. బర్మాలో, అదే ఇప్పటి మయన్మార్‌లో, సైనిక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు దాని కిందికి వస్తారు. తప్పించుకొచ్చిన కుర్రాడి మొహం నాలుగు ఫోన్లు తిరిగిందంటే అక్కడున్న తల్లిదండ్రుల పీకల మీదికొస్తుంది. అక్కడేం జరిగిందని కూడా అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.

ఇక కాగితాలు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు కాబట్టి ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డున్నా పోలీసులు పూర్తిగా ఒప్పుకోవాలనేం లేదు. అలాగని దాచిపెట్టకండి. విదేశీయులకు ఇల్లిచ్చినవాళ్ళు 24 గంటల్లో తెలియజెయ్యాలి, జిల్లాల్లో అది ఎస్పీ ఆఫీసు చూస్తుంది. ఇంటాయన ఆ పని చేశాడో లేదో కనుక్కో. స్టేషన్‌కి మాత్రం వాళ్ళను ఒంటరిగా పంపకు. ముందు జిల్లా న్యాయ సేవా సంస్థలో వకీలును పట్టుకో, ఫోన్ 15100. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితమే. పౌరుడైనా కాకపోయినా మనిషి ప్రాణాన్ని కాపాడాల్సింది ప్రభుత్వమేనని 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు సంగతి వకీలు చెవిన వెయ్యి.

నిజం చెప్పాలంటే నాకు పోలీసుల కన్నా ఇంకొకడంటే భయం. నాలుగు రోజులాగి ఒక పెద్దమనిషి వస్తాడు. ఆధార్ చేయిస్తానంటాడు, ఇటుకబట్టీలో పనుందంటాడు, చేతిలో అడ్వాన్సు పెడతాడు. అడ్వాన్సిచ్చి కూలీలను వలస తీసుకుపోయే దాదన్ సర్దార్లను చూడనివాళ్ళమా మనం? ఆ డబ్బు ముట్టుకుంటే ఇంటిల్లిపాదీ వాడి చేతిలో పడ్డట్టే. దొంగ ఆధార్ తీసుకుంటే నిన్నటిదాకా జాలిపడ్డ ఊరే రేపు దొంగలంటుంది, పైగా కేసు. ఈ ముక్క వాళ్ళ భాషలోనే చెప్పించాలి. అది బర్మీసేనా అని ముందు అడుగు, అక్కడి చిన్ తెగలవాళ్ళవీ రోహింగ్యాలవీ వేరే భాషలు. బర్మీసే అయితే బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ విశాఖ బర్మా క్యాంపులో పాతవాళ్ళెవరైనా ఫోన్లో సాయపడతారేమో చూడు. ఒడియా ముక్కలు నాలుగు పట్టుకుందని పదేళ్ళ పిల్లను మధ్యలో నిలబెట్టకు. తల్లి ఆడజబ్బు డాక్టరుకు ఆ పిల్ల చేత చెప్పిస్తారా ఎవరైనా?

పాత చీరలు వద్దు. అక్కడ ఆడవాళ్ళూ లుంగీలే కడతారు. కొత్త లుంగీలు, లోపలి బట్టలు, ప్యాడ్లు ఆడపిల్లల చేత ఇప్పించు. స్నానాలగదికి లోపల గొళ్ళెం, బయట బల్బు ఉన్నాయా లేవా చూడు. లేకపోతే ఆ రోజే పెట్టించు. వాళ్ళు చేపల ముద్ద వేసి వండితే వాసనని పక్కింటివాళ్ళు సణుగుతారు. ఎండుచేపలు తినే వీధిలో ఆ సుకుమారమేమిటో!

సణుగుడు డబ్బు దగ్గరికొస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఆ వీధిలో మనవాళ్ళూ కూలికెళ్ళేవాళ్ళే. చందా మిగిలితే బోరు బాగుచేయించండి, రెండు వైపులా నీళ్ళొస్తాయి. 1960లలో మీ గజపతి జిల్లా చంద్రగిరికొచ్చిన టిబెటన్లకు ప్రభుత్వం భూమి ఇచ్చింది, మొక్కజొన్న వేసుకుని నిలదొక్కుకున్నారు. వీళ్ళకు ఆ దారి లేదు. సగం కూలికి వీళ్ళను పెట్టుకునేవాడు వస్తే నువ్వే అడ్డుపడు, లేకపోతే వీధి రెండు ముక్కలవుతుంది.

పిల్లలను బడిలో వేయించు. వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. హెడ్మాస్టరు నసిగితే బ్లాకు విద్యాధికారి (బీఈఓ) దగ్గరికి వెళ్ళు. తెలుగు బడి అంటావేమో, నాకూ ప్రేమే కానీ ఒడియా బడిలోనే వెయ్యి. రేపు ఏ ఆఫీసుకెళ్ళినా ఆ భాషే కావాలి.

మీ పెద్దమ్మ,
బరంపురం