ట్రాక్ మీద హబ్ రింగులు కరిగాయి, షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నా కారుకి బయట కొన్న అల్లాయ్ వీల్స్ వేయించాను. వీల్ సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) 73.1 మిల్లీమీటర్లు, కారు హబ్ (చక్రం ఎక్కే మధ్య భాగం) 57.1. ఆ ఖాళీకి ప్లాస్టిక్ సెంటరింగ్ రింగులు (హబ్ రింగులు) షాపువాళ్లే పెట్టి బిగించారు. రేసింగ్ ట్రాక్ మీద నడుపుతానని కొనేటప్పుడే చెప్పాను. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడే స్టీరింగ్ వణికింది, ఒక ముందు చక్రం నట్లు వదులై ఆ వీల్ రంధ్రాలు దెబ్బతిన్నాయి. విప్పి చూస్తే రింగులు కరిగి ఉన్నాయి. ‘ట్రాక్ వాడకానికి గ్యారంటీ లేదు’ అంటున్నారు. కేసు వేయవచ్చా? ఈసారి ఎలాంటి రింగులు కొనాలి?

జవాబు: వేయవచ్చు. కాకపోతే ‘కొనేటప్పుడే చెప్పాను’ అన్నారు చూడండి, దానికి రుజువు ఉందా? ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు ఆ వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలని వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ చెబుతుంది. ‘ట్రాక్‌కి ఇవి సరిపోతాయా’ అని మీరు అడిగి వాళ్లు సరేనన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటి ఉన్నా మీ పక్షం బాగా బలపడుతుంది. అలా కాకుండా ఫలానా బ్రాండు రింగులే కావాలని మీరే పేరు చెప్పి తెప్పించుకుని ఉంటే, అదే సెక్షన్‌లో ఉన్న మినహాయింపు వాళ్లు పట్టుకుంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ చూపించి వస్తువును దుర్వినియోగం చేశారని కూడా అంటారు, కానీ ట్రాక్ సంగతి ముందే తెలిసి అమ్మినవాళ్ల నోట ఆ మాట పెద్దగా నిలవదు.

అసలు చిక్కు నట్ల దగ్గర ఉంది. సెంటరింగ్ రింగు పని, చక్రం ఎక్కించేటప్పుడు దాన్ని హబ్ మధ్యకి తేవడం. నట్లు సరైన టార్క్‌తో (తిప్పి బిగించే బలంతో) బిగించాక బరువంతా వీల్‌కీ హబ్‌కీ మధ్య ఒత్తిడి, రాపిడి మోస్తాయి. కాబట్టి ‘రింగు కరిగినంత మాత్రాన నట్లు వదులు కావు, మీరే టార్క్ మళ్లీ చూసుకోలేదు’ అని అవతలి లాయరు నిపుణుణ్ణి పెట్టి మరీ చెప్పిస్తాడు, అందులో నిజం లేకపోలేదు. అందుకే ఫిర్యాదులో ఈ రెండూ కలిపి రాయకండి. రింగులు ట్రాక్‌కి పనికిరానివి అన్నది ఒక ఆరోపణ. చక్రం బిగింపులో లోపం, అంటే సేవాలోపం, రెండోది. కరిగిన ప్లాస్టిక్ వీల్‌కీ హబ్‌కీ మధ్య చేరి ఉంటే, లేదా రింగు పొడుచుకొచ్చి వీల్ పూర్తిగా ఆనకుండా చేసి ఉంటే అప్పుడు రెండిటికీ లింకు దొరుకుతుంది. ట్రాక్ దగ్గర మీరే చక్రం విప్పి మళ్లీ బిగించి ఉంటే ఆ సంగతి మీ లాయరుకి దాచకుండా చెప్పండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే టెన్షన్ మీకే.

కాబట్టి హబ్ గీకి శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి. కరిగిన రింగులు, నట్లు, బిల్లు పారేయకండి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ అదే 2019 చట్టం 38వ సెక్షన్ కింద వస్తువును ల్యాబ్‌కి పంపగలదు.

ఈసారి కొనేది అల్యూమినియం రింగులే. ట్రాక్ మీద బ్రేక్ డిస్క్ 500 డిగ్రీలు దాటడం మామూలే, ఆ వేడి హబ్‌కి పాకుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ దాదాపు 105 డిగ్రీల దగ్గర, పాలీకార్బొనేట్ దాదాపు 147 దగ్గర మెత్తబడిపోతాయి. రోడ్డు మీద మామూలుగా నడిపే కారుకైతే ప్లాస్టిక్ చాలు, పైగా తుప్పు పట్టి ఇరుక్కోదు. అల్యూమినియం ఇరుక్కునే అవకాశం ఉంది కనుక రింగుకి పల్చగా యాంటీ సీజ్ (లోహాలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి, స్టడ్ మరలకి మాత్రం తగలనివ్వకండి, టార్క్ లెక్క తప్పుతుంది. లేబుల్ నమ్మకుండా రింగు లోపలి, బయటి వ్యాసాలు రెండూ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నన్నడిగితే హబ్ కొలతకే బోర్ చేసిన వీల్స్ దొరికితే రింగుల గొడవే ఉండదు. ఏది కొన్నా లోహం పేరు, రెండు కొలతలు, ‘ట్రాక్ వాడకానికి’ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి.

ట్రాక్‌వాళ్ల దగ్గర సంతకం పెట్టిన బాధ్యతా మినహాయింపు పత్రం గురించి బెంగ వద్దు. అది నిర్వాహకుల కోసం రాసుకున్నది, రింగులు అమ్మినవాళ్లకి మామూలుగా రక్షణ కాదు. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ప్రైవేటు కారు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి కవరేజీ ఉండదు, రోడ్డు మీద జరిగిందని అబద్ధం చెప్పి క్లెయిమ్ పెడితే అది మోసం కిందకి వస్తుంది.

ముందు షాపుకి 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు పంపండి. కదలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, షాపు ఎక్కడున్నా సరే. గడువు 2 సంవత్సరాలు.