చామనఛాయ చర్మానికి గ్లైకాలిక్ పీల్ పనికొస్తుందా?

పనికొస్తుంది, తొందరపడకపోతే. పీల్ అంటే ముఖానికి ఆమ్లం రాసి పైపొరను రాల్చడం. ఇందులో వాడే గ్లైకాలిక్ ఆమ్లం చర్మం పైపొరలో మృతకణాలను పట్టి ఉంచే బంధాలను వదులు చేస్తుంది. అవి రాలిపోయాక ముఖం నునుపుగా, కాస్త తేటగా కనిపిస్తుంది. మొటిమలు మిగిల్చిన లోతైన గుంటలు మాత్రం దీంతో పూడవు.

క్లినిక్‌లో మొదటిసారి సాధారణంగా 20–35 శాతం ద్రావణం వాడతారు. ముఖం మీది జిడ్డు తుడిచి, కళ్ల మూలలకు, ముక్కు పక్కలకు, పెదవుల అంచులకు వాజెలిన్ రాసి, నుదుటి నుంచి మొదలుపెడతారు. రెండు మూడు నిమిషాలు చాలు. చురుక్కుమనడం మామూలే. ముఖం ఎరుపెక్కిందంటే, ఇంకా టైం ఉందిలే అనుకోకుండా సోడియం బైకార్బనేట్ (అదే, వంటసోడా) ద్రావణంతో ఆపేయాలి. ఎక్కడైనా బూడిద తెలుపు మచ్చ తేలితే ఆమ్లం లోతుకు దిగినట్టే. మన రంగు చర్మంలో అది నెలల తరబడి నల్లమచ్చగా మిగిలిపోవచ్చు. సాలిసిలిక్ అనే మరో ఆమ్లంతో చేసే పీల్‌లో కనిపించే తెల్లపొడి వేరు, అది ఆరిన మందే.

ఎక్కువగా చెడేది ముందూ వెనకా: వారం ముందే రెటినాయిడ్ (విటమిన్ ఎ తరహా) క్రీము, వ్యాక్సింగ్ ఆపకపోవడం, తర్వాత ఎండలో తిరగడం, లేచిన పొట్టు గిల్లడం. బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోవాలి. మళ్లీ పీల్‌కు రెండు మూడు వారాలు ఆగాలి.

ఆన్‌లైన్‌లో దొరికే 70 శాతం సీసా జోలికి పోవద్దు. ఇంట్లో వాడకానికి 5–10 శాతం సీరమ్ చాలు.