ఆ మొదటి పేరా తీసెయ్

భీమవరం

అమ్మాయీ,

ఫార్మకాలజీ ప్రొఫెసర్ గారి మీద నువ్వు రాసిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే పరిశోధన పేపర్లు ఇన్ని, వాటిని వేరే పేపర్లు ఉదహరించిన సైటేషన్లు ఇన్ని, హెచ్-ఇండెక్స్ ఇంత అని శుభలేఖలో బంధువుల పేర్లలా వరస పెట్టేశావు. ఆ పేరా తీసెయ్. అంకెలు వద్దనను గానీ, వాటిని నువ్వు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం 20 సార్లు చొప్పున వేరే పేపర్లలో ఉదహరించిన పేపర్లు ఆయనవి 20 ఉన్నాయని. 2005లో హిర్ష్ అనే ఫిజిక్సాయన పెట్టిన లెక్క. పాఠకుడికి ఆ మాట చాలు. ఎవరు ఉదహరించారు, దేనికి ఉదహరించారు అన్నదే మనకు కావాలి.

మన ఊరాయన్నే తీసుకో. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇక్కడే పుట్టారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ, అంతే. అది కొలవాల్సిన ల్యాబులన్నీ దశాబ్దాల తరబడి ఆ పేపరునే ఉదహరిస్తూ వచ్చాయి. వంటింట్లో గరిటెలాగా, అందరికీ రోజూ అవసరమే మరి. అదే 1948కి రా. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో, ఫార్బర్ అనే డాక్టరు లుకీమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు కొన్నాళ్లయినా ఊపిరి పోశాడు. ఆ సంగతి చెప్పిన పేపరు మీద ఐదు పేర్లున్నాయి, సుబ్బారావు గారిది లేదు. ఇవాళ దాన్ని ఎందరు ఉదహరించినా ఒక్కటీ ఆయన ఖాతాలో పడదు.

బోదకాలుకిచ్చే డీఈసీ మందు కూడా లెడర్లీ నుంచే వచ్చింది. ఆ క్రిములు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయి గనక, నా చిన్నప్పుడు ఫైలేరియా వాళ్లు ఊరు మాటుమణిగాక టార్చిలైటు వేసుకుని వచ్చేవారు. నిద్రలో ఉన్న నాయనమ్మను లేపి, వేలు సూదితో పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క రాసుకుని వెళ్లారు. తర్వాత మాత్రలు తెచ్చిచ్చారు. ఆవిడ తిట్టుకుంటూ మింగింది గానీ ఏ పేపరునూ ఉదహరించలేదు.

నా నిర్వాకం కూడా విను. పదేళ్ల కిందట షుగరు మందుల మీద పనిచేసే ఒక పరిశోధకుడి గురించి రాస్తూ, నెట్‌లో ఆయన పేరు కొట్టి, వచ్చిన పేపర్లన్నీ ఆయనకే కట్టబెట్టాను. మన పేర్ల సంగతి తెలుసుగా! ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మధ్యలో పొడి అక్షరాలు, చివర అందరూ రావులే. సగం పేపర్లు అదే పేరున్న ఇంకొకాయనవి, రొయ్యల జబ్బుల మీద. అవన్నీ షుగరు మందుల లెక్కలో కలిపేశాను. పత్రికలో అచ్చయిన రోజు ఆయనే ఫోన్ చేసి, “నాకు రొయ్యలు తినడం ఒక్కటే వచ్చండి” అన్నారు. నవ్వుతూనే అన్నారు, నాకే వారం రోజులు అన్నం సయించలేదు. అందుకని ముందు మీ ప్రొఫెసర్ గారి ఓర్‌సిడ్ నంబరు, అంటే ఒకే పేరున్న పరిశోధకులు కలిసిపోకుండా ఒక్కొక్కరికి విడిగా ఉండే నంబరు, అడుగు. దాని కింద ఆయన చూసి చేర్చుకున్న పేపర్ల లిస్టు ఉంటే, నీ పట్టికతో సరిచూసుకో.

నీ పట్టికలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లున్నది రివ్యూ, అంటే ఇతరుల పనిని ఒకచోట చేర్చిన వ్యాసం. అది గమనించావా? ఉపయోగమే, కాదనను, కానీ దాన్ని ఆయన కనిపెట్టిన మందులా రాశావు. ఇంకోటి, తప్పు పట్టడానికి ఉదహరించినా లెక్కలో ఒకటే. ఉదహరించిన పేపర్లు ఓ రెండు తెరిచి, ఆయన పేరు ఏ వాక్యంలో వచ్చిందో చూడు.

మూడో పేజీలో నువ్వు చెయ్యి జార్చుకున్నది ఒకటుంది. కరెంటు పోయిన రాత్రి, శాంపిల్స్ పాడవకుండా ఆయన ఐసు ఫ్యాక్టరీకి స్కూటర్ మీద వెళ్లి, చేపల లారీలకు కొట్టే ఐసు గోనెసంచిలో తెచ్చారని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అక్కణ్ణించి మొదలుపెట్టు. ఆ శాంపిల్స్ ఏ పేపర్లోకి వెళ్లాయో, అసలు వెళ్లాయో లేదో ఆయన్ని అడిగి, ఆదివారం లోపు మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు