పనికి వెళ్లు, కీబోర్డు మాత్రం అమ్మేయకు

బాబూ,

కీబోర్డు అమ్మేసి గోడౌన్ పనిలో చేరిపోనా అని అడిగావు. పనిలో చేరు. కీబోర్డు అమ్మేయకు. రెంటిలో ఒకటే ఉండాలని నీకెవరు చెప్పారో గానీ, స్వీడన్‌లోని ఈ సోదర్‌తెల్యెలో మన అస్సీరియన్-సిరియాక్ క్రైస్తవుల పెళ్లిళ్లకు వాయించేవాళ్లలో ఒకడు బస్సు నడుపుతాడు, ఇంకొకడికి పిజ్జా షాపు ఉంది. నేనూ రిటైరయ్యేదాకా ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూనే ఊద్ అనే తంత్రీవాద్యం వాయించాను. వేసవిలో శనివారం వస్తే చాలు, ఎక్కడో ఒక పెళ్లి ఉంటుంది. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో మాత్రం చర్చిలో పెళ్లిళ్లు జరగవు. ఇంటి అద్దె ఆగదు కదా.

స్వీడిష్ క్లాసులు ఎగ్గొట్టకు. కొత్తగా వచ్చినవాళ్లకు ఉచితంగానే చెబుతారు. పెళ్లి ముగించుకుని ఆదివారం తెల్లవారుజామున ఇల్లు చేరినవాడికి సోమవారం పొద్దున క్లాసంటే ఒళ్లు మొరాయిస్తుంది. అయినా వెళ్లు. ఈ ఊళ్లో మన భాష ఒక్కటే వచ్చినా కూరగాయలు కొనుక్కోవచ్చు, జుట్టు కత్తిరించుకోవచ్చు, సంబంధం కూడా కుదుర్చుకోవచ్చు. ఆ సుఖానికి అలవాటుపడి ఏళ్లు గడిచినా డాక్టరు దగ్గరికి కొడుకును తోడు తీసుకెళ్లేవాళ్లున్నారు.

ఇక పాటల సంగతి. మనవాళ్ల తొలి గుంపు 1967లో లెబనాన్ నుంచి స్వీడన్ వచ్చింది. ఆ తర్వాత తుర్కియేలోని తూర్ అబ్దీన్ పల్లెల వాళ్లు, సిరియాలోని మా ఖామిష్లీ వాళ్లు, 2003 యుద్ధం తర్వాత ఇరాక్ వాళ్లు. ఒక దశలో అమెరికా, కెనడా కలిపి తీసుకున్నదానికన్నా ఎక్కువమంది ఇరాకీ శరణార్థులను ఈ ఒక్క ఊరు తీసుకుంది. కాబట్టి నీ ముందు ఆడేవాళ్లు ఒక ఊరి వాళ్లు కారు. మన మాటల్లో ఇక్కడ ఎక్కువ వినిపించేది తూర్ అబ్దీన్ వాళ్ల సురయిత్, సిరియాలో ఖాబూర్ నది పక్కనున్న మీ ఊళ్ల సురేత్ తక్కువ. రెండింటి పాటలూ నేర్చుకో. పేరు దగ్గర కూడా మనకు పేచీనే, అస్సీరియన్ అనేవాళ్లు కొందరు, సిరియాక్ అనేవాళ్లు కొందరు. ఊళ్లో అస్సీరిస్కా అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, సీరియాన్‌స్కా అని ఇంకొకటి. రెండూ దేశంలోని పై లీగ్‌లో ఆడినవే. నువ్వు ఏ వైపు అని తప్పకుండా అడుగుతారు. ఖిగ్గా వైపు అను, అదే మన వరస నాట్యం. చేతులు పట్టుకుని వరస కట్టాక ఎవరూ పక్కవాడి క్లబ్బు అడగరు.

ఖిగ్గాలో నీ కళ్లు వరస ముందున్న మనిషి మీద ఉండాలి. అతనికి ఊపొచ్చినప్పుడు పాట ఆపావంటే ఇంకోసారి నిన్ను పిలవరు. పెళ్లికూతుర్ని ఇంట్లోంచి తీసుకొచ్చేటప్పుడు జుర్నా అనే సన్నాయి, దవోలా అనే పెద్ద డోలుదే రాజ్యం. వాకిట్లో అడ్డం నిలబడి డబ్బు అడిగే బంధువు బేరం తేలేదాకా వాళ్లు వాయిస్తూనే ఉంటారు, నువ్వు పక్కన నిలబడి విను. మన పాటల్లో పావు స్వరాలుంటాయి. కీబోర్డులో ఆ ట్యూనింగ్ ముందే సెట్ చేసి పెట్టుకో, పాట మధ్యలో బటన్లు వెతుక్కోవద్దు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో సాధన చెయ్యి, అపార్ట్‌మెంట్ గోడలు పల్చన.

మీ ఊళ్ల మీద ఐసిస్ పడిన 2015 ఫిబ్రవరి గురించి కూడా అడుగుతారు. రెండు వందల మందికి పైగా ఎత్తుకుపోయారని పేపర్లలో చదివినవాళ్లే మళ్లీ నీ నోట వినాలంటారు. సభలకు పిలిచి, ముందు కథ చెప్పు, తర్వాత వాయించు అంటారు. చెప్పాలనిపిస్తే చెప్పు. లేదంటే వాయించడానికే వచ్చానను, దానికి సంజాయిషీ అక్కర్లేదు. దవోలా దెబ్బకో, బాణసంచాకో గుండె దడదడలాడితే తలుపు దగ్గర కూర్చో, హెల్త్ సెంటర్‌లో ఆ సంగతి చెప్పు. మగాళ్లకు టెన్షన్ ఏంటని నవ్వే ముసలివాళ్ల మాట పట్టించుకోకు. వాళ్లూ నిద్రమాత్రలు వేసుకుంటారు, నాకు తెలుసు.

ఆదివారాలు చర్చి గాయక బృందంలో చేరు. రాగాలు అక్కడ వచ్చినంత బాగా యూట్యూబ్‌లో రావు. పైగా వాళ్లు పాడేవాటిలో నాలుగో శతాబ్దపు మన సాధుకవి మార్ అఫ్రేమ్ కట్టినవి ఉంటాయి. మా ఖామిష్లీకి సరిహద్దు అవతలే ఉన్న నుసైబిన్ ఆయన ఊరు. 363లో రోమన్లు దాన్ని పర్షియాకి వదిలేస్తే ఆయనా మనలాగే ఊరు విడిచి ఎదెస్సా చేరాడు, పోయేదాకా అక్కడే పాటలు కట్టాడు.

అన్నిటికన్నా తొందరపడాల్సింది మీ నానమ్మ విషయంలో. మీ ఖాబూర్ ఊళ్లు కట్టినవాళ్లు 1933లో ఇరాక్‌లోని సిమేలెలో మనవాళ్ల ఊచకోత జరిగాక ఇరాక్ దాటి వచ్చినవాళ్లు. అంతకుముందు, మొదటి ప్రపంచయుద్ధంలో, ఇప్పటి తుర్కియేలోని హక్కారీ కొండలు వదిలినవాళ్లు. ఆ కొండల పాటలు, పెళ్లిళ్లలో పాడే మూడు పాదాల రావేలు, ఆవిడకు వస్తాయని మీ తాత చెప్పేవాడు. ఈ వారమే ఫోన్‌లో రికార్డు చెయ్యి. పాట ఒక్కటే కాదు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎప్పుడు పాడేవాళ్లు, అన్నీ అడుగు. గొంతు బాగాలేదంటుంది. టీ పెట్టిచ్చి మళ్లీ అడుగు.

పెళ్లిలో చేతికొచ్చిన డబ్బు ఒక నోటుపుస్తకంలో రాసుకో, పన్ను కట్టు. వచ్చే శనివారం మా బృందంతో రా. నల్ల చొక్కా వేసుకో, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తెచ్చుకో. నీ కీబోర్డు జుర్నా పక్కనే ఉంటుంది.