ఊళ్లో పిల్లల నాటక శిబిరం: ముందు పిల్లలు, తరువాతే నాటిక

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలోని ఒక మెట్ట గ్రామం. డిగ్రీ చదివే రోజుల్లో కళాశాల నాటికల్లో నటించాను. ఈ వేసవి సెలవుల్లో పది నుంచి పదహారేళ్ల పిల్లలు పాతిక మందితో నాటక శిబిరం నడిపి, చివర్లో ప్రదర్శన ఇప్పించాలని ఉంది. మంచి పరిషత్తు నాటిక ఒకటి తెచ్చి పాత్రలు పంచుదామనుకుంటున్నాను. చేతిలో డబ్బు పెద్దగా లేదు. ఆడపిల్లలను పంపుతారో లేదోనన్న సందేహమూ ఉంది. ఎలా మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నాటికను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పరిషత్తు నాటికలు సాధారణంగా పోటీల కోసం, అనుభవం ఉన్న కొద్దిమంది నటులను దృష్టిలో పెట్టుకొని రాసేవి కనుక, మీ దగ్గరికి వచ్చే పాతిక మందిలో ఐదారుగురికి సంభాషణలు దక్కి మిగతావారు గుంపులో నిలబడవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. వేసవిలో పిల్లలు ఊళ్లో నిలకడగా ఉండరు. ఒకరు అమ్మమ్మగారింటికి వెళతారు, ఒకరు మేనమామ పెళ్లికి వెళతారు, ఇంకొకరు తల్లిదండ్రులతో కూలి పనులకు పోతారు. ముఖ్య పాత్రధారి వారం రోజులు కనిపించకపోతే ఆగిపోయే నాటకం మీ శిబిరానికి పనికిరాదు.

అందుకే బుర్రకథ పద్ధతిని ఆశ్రయించమంటాను. నడుమ తంబురాతో కథకుడు, చెరో పక్క డక్కీలతో ఇద్దరు వంతలు. వారిలో ఒకరు హాస్యం పలికిస్తే మరొకరు లోకం తీరు మీద వ్యాఖ్యానిస్తారు. ముగ్గురితోనే కథ నడుస్తుంది కాబట్టి పిల్లలను ముగ్గురేసి చొప్పున జట్లుగా చేసి, ఒకే కథలో ఒక్కొక్క ఘట్టాన్ని ఒక్కొక్క జట్టుకు అప్పగించవచ్చు. ‘తందాన తాన’ అందరికీ వస్తుంది గనుక ఒక వంత రాకపోయినా పక్క జట్టులోని పిల్ల లేచి నిలబడుతుంది. తంబురా దొరక్కపోతే కంగారు పడవద్దు, తాళం వేసే చేతులుంటే చాలు.

కథను కూడా ఊళ్లోనే వెతకండి. ఊరికి మొదటి బస్సు ఎప్పుడు వచ్చింది, చెరువు ఎందుకు ఎండింది, ఫలానా బావికి ఆ పేరెలా వచ్చింది అని పిల్లలు ముసలివాళ్లను అడిగి రావాలి. చెరువు ఎండిన సంగతి కథకుడు గంభీరంగా చెబుతుండగా హాస్యపు వంత అడ్డు తగిలి, ‘అయితే చేపలన్నీ ఏ ఊరికి వలస పోయినయ్?’ అని అడిగితే జనం నవ్వుతారు, నవ్వి ఆలోచనలో పడతారు. అలాంటి మాట మీరు రాసి ఇచ్చినదానికన్నా పిల్లల నోట పుట్టినది బాగుంటుంది. మొదటి వారమంతా ఆటలకు, గొంతు సాధనకు, వినడం నేర్పడానికి కేటాయించి, రెండో వారంలో కథ అల్లి, మూడో వారంలో మాత్రమే రిహార్సళ్లు పెట్టుకోండి.

చోటు విషయంలో నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. గుడి మండపం చల్లగా ఉంటుందని అక్కడ పెట్టకండి. అక్కడికి రావడానికి దళితవాడ పిల్లలు వెనుకాడే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకొని బడి వరండాలోనే జరపండి. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు చాలు. ఆ తరువాత మన ఎండల్లో పిల్లలను కూర్చోబెట్టడం క్షేమం కాదు. కథకుడి స్థానం ఊరిపెద్దల అబ్బాయికే చేరకుండా కూడా మీరే కనిపెట్టుకొని ఉండాలి.

ఆడపిల్లల సంగతి కరపత్రంతో తేలదు. అంగన్‌వాడీ టీచరునో, డ్వాక్రా సంఘం నాయకురాలినో వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లి, ఎన్నింటికి మొదలవుతుంది, ఎన్నింటికి ముగుస్తుంది, ఇంటిదాకా ఎవరు తోడు వస్తారు అన్నవి తల్లులకు చెప్పండి. శిబిరంలో మీరు కాక ఇంకొక పెద్దావిడ రోజూ ఉండేలా చూసుకోండి. చెల్లినో తమ్ముడినో చంకనెత్తుకొని వచ్చే పిల్లను వెనక్కి పంపకండి. ఇంట్లో ఆ బాధ్యత తనదే కాబట్టి, పంపితే మర్నాడు ఇద్దరూ రారు.

ఖర్చు దగ్గర పెద్దగా భయపడనక్కర్లేదు. మజ్జిగ వంతులవారీగా ఇళ్ల నుంచి వస్తుంది, అమ్మల చీరలూ నాన్నల పంచెలూ వేషాలకు సరిపోతాయి. మైకు, రెండు లైట్లు పెళ్లిళ్లకు సామాను అద్దెకిచ్చేవారిని అడిగితే సరి. మైకుకు పోలీసు అనుమతి తీసుకొని రాత్రి పదిలోపు ముగించండి. గాలివాన వస్తే మరునాడు ఆడేలా ముందే చెప్పి ఉంచండి. జూన్‌లో బడులు తెరిచేదాకా మాత్రం లాగవద్దు.

ఒక్క వేసవితోనే ఏదో జరిగిపోవాలని ఆశించకండి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని హెగ్గోడు అనే పల్లెలో 1949లో మొదలైన నీనాసం అనే నాటక సంస్థ, తన నాటక శిక్షణ కేంద్రాన్ని తెరిచింది 1980లో. మీ శిబిరంలోని పదహారేళ్లవాళ్లు వచ్చే ఏడాది చిన్నవాళ్లకు తాళం నేర్పగలిగితే చాలు.

ప్రశ్న: మా బడి పిల్లలతో ఇటువంటి శిబిరమే నడుపుతున్నాను. వారిచేత పుస్తక భాష పలికించాలా? ఉత్తమ నటుడి బహుమతి పెట్టాలా?
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ జిల్లా పిల్లలు మీ జిల్లా యాసలోనే మాట్లాడాలి. పురాణ పాత్రలు వేసినప్పుడు మాత్రం పద్యమూ వచనమూ స్పష్టంగా పలకడం నేర్పండి. అది వేరే సాధన. ఉత్తమ నటుడి బహుమతి పెడితే మరునాటి నుంచి జట్టు చెదిరిపోతుంది. ఆ డబ్బుతో అందరికీ తలా ఒక నోటుపుస్తకం కొనిపెట్టండి, లేదా ప్రదర్శన రాత్రి పిల్లలందరికీ భోజనం పెట్టించండి.